రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఎంత, ప్రయాణం ఎంతసేపు: సొంతంగా లెక్కగట్టే పద్ధతి

లండన్ నుంచి న్యూయార్క్‌కు దూరం ఎంత అని వెతికితే ఒకచోట 5,540 కిలోమీటర్లు కనిపిస్తుంది, మరోచోట 5,554. సమయం సంగతి కొచ్చేసరికి తేడా ఇంకా పెరుగుతుంది. ఒకరు ఆరున్నర గంటలంటారు, ఒకరు ఏడున్నర అంటారు, టికెట్ మీద ఎనిమిది ఉంటుంది. వీళ్లలో ఎవరూ తప్పు చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతున్నారు, అంతే.

అందుకే దూరాన్నీ సమయాన్నీ ముందే విడదీసుకోవాలి. దూరం భూమి ఆకారానికి సంబంధించిన లెక్క. విమానాశ్రయాలు కదలవు కాబట్టి అది మారదు. సమయం అలా కాదు. గాలి, విమానం రకం, ఆకాశంలో తెరిచి ఉన్న దారులు, నేల మీద రద్దీ, రెండు ఊళ్ల గడియారాలు, ఇన్నిటి మీద ఆధారపడి ఉంటుంది. చాలా ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు దూరాన్ని ఏదో ఒక స్థిర వేగంతో భాగించి, పైన అరగంట కలిపి, వచ్చినదాన్ని ప్రయాణ సమయంగా చూపిస్తాయి. పోయేటప్పటికీ వచ్చేటప్పటికీ ఒకే అంకె ఇచ్చే కాలిక్యులేటర్‌ను సమయం విషయంలో నమ్మవద్దని నా సలహా. సొంతంగా లెక్క కట్టడానికి కావలసింది సైన్, కాస్ బటన్లున్న కాలిక్యులేటర్ ఒక్కటే. ఫోన్‌ను అడ్డంగా తిప్పితే చాలా ఫోన్లలో అది వచ్చేస్తుంది.

1. ముందు విమానాశ్రయాన్ని ఖాయం చేసుకోండి

ఊరి పేరుతో లెక్క మొదలుపెట్టకూడదు. లండన్‌కు హీత్రూ, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్, సిటీ అంటూ చాలా విమానాశ్రయాలున్నాయి. టోక్యోకు హనేడా, నరీటా రెండూ ఉన్నాయి, వాటి మధ్య దాదాపు 60 కిలోమీటర్లు. ఒకదాంట్లో దిగి మరోదాంట్లో విమానం ఎక్కాల్సి వస్తే ఆ 60 కిలోమీటర్లే ప్రయాణంలో కష్టమైన భాగం అవుతుంది.

ఒకే పేరున్న ఊళ్లతో ఇంకా జాగ్రత్త. బర్మింగ్‌హామ్ ఇంగ్లండ్‌లో ఉంది, అమెరికాలోని అలబామాలోనూ ఉంది. శాన్ హోసే కాలిఫోర్నియాలో ఒకటి, కోస్టారికా రాజధాని మరొకటి. సిడ్నీ అనే పేరుతో కెనడాలోనూ ఒక విమానాశ్రయం ఉంది. అందుకే మూడక్షరాల కోడ్ చూడాలి. హీత్రూకు ఎల్‌హెచ్‌ఆర్, న్యూయార్క్ కెన్నెడీకి జేఎఫ్‌కే. టికెట్ల మీద, బ్యాగేజీ ట్యాగుల మీద ఉండేవి ఇవే. పైలట్లు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు వాడే నాలుగక్షరాల కోడ్‌లు వేరు. హీత్రూకు ఈజీఎల్‌ఎల్, కెన్నెడీకి కేజేఎఫ్‌కే. విమానాన్ని ట్రాక్ చేసే సైట్లలో ఈ రెండో రకం కూడా ఎదురవుతుంది కాబట్టి తెలిసి ఉండటం మంచిది.

2. అక్షాంశం, రేఖాంశం రాసుకోండి

ప్రతి విమానాశ్రయానికీ అధికారికంగా ఒక రిఫరెన్స్ పాయింట్ ఉంటుంది. దాని అక్షాంశ రేఖాంశాలు ఆన్‌లైన్‌లో సులభంగా దొరుకుతాయి. దశాంశాల్లో రెండు స్థానాలు చాలు. అక్షాంశంలో 0.01 డిగ్రీ అంటే నేల మీద 1.1 కిలోమీటర్లు. పెద్ద విమానాశ్రయంలో రన్‌వే ఒక చివరి నుంచి మరో చివరికే మూడు, నాలుగు కిలోమీటర్లుంటుంది. ఆరు దశాంశ స్థానాలు రాసుకుని సాధించేదేమీ ఉండదు.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. మొదటిది, డిగ్రీలు–నిమిషాలు–సెకన్లలో ఉన్నదాన్ని దశాంశంగా చదివేయడం. హీత్రూ అక్షాంశం దాదాపు 51 డిగ్రీల 28 నిమిషాల 12 సెకన్లు. దాన్ని 51.28 అని రాసుకుంటే లెక్క 20 కిలోమీటర్లకు పైగా పక్కకు పోతుంది. నిమిషాలను 60తో, సెకన్లను 3,600తో భాగించి కలపాలి. అలా చేస్తే 51.47 వస్తుంది. రెండోది గుర్తుల పొరపాటు. ఉత్తరం, తూర్పు ప్లస్. దక్షిణం, పడమర మైనస్. పడమర రేఖాంశానికి మైనస్ మరిచిపోతే న్యూయార్క్ వెళ్లి మధ్య ఆసియాలో పడుతుంది.

మన ఉదాహరణకు కావలసినవి: హీత్రూ 51.47, మైనస్ 0.46. కెన్నెడీ 40.64, మైనస్ 73.78.

3. దూరం లెక్క

గోడకు వేలాడే ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి గీసిన సరళరేఖ అతి దగ్గరి దారి కాదు. గుండ్రటి భూమిని చదునైన కాగితం మీద పరిచేసరికి ధ్రువాల వైపు ప్రాంతాలు సాగిపోతాయి. 1569లో మెర్కేటర్ గీసిన పటం ఓడల దిక్కు తప్పకుండా ఉండటానికి పనికొచ్చింది, దూరాలు కొలవడానికి కాదు. గోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారి మహావృత్తం మీద ఉంటుంది. మహావృత్తం అంటే భూమి కేంద్రం గుండా కోస్తే వచ్చే వృత్తం. గ్లోబు దొరికితే రెండు ఊళ్ల మధ్య దారాన్ని బిగించి పట్టుకోండి, అది తనంతట తానే ఆ దారిలో కూర్చుంటుంది.

ఎంత తేడా ఉంటుందో చూడాలంటే బీజింగ్, న్యూయార్క్ మంచి ఉదాహరణ. రెండూ దాదాపు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. పటం చూస్తే ఆ అక్షాంశ రేఖ వెంబడి నేరుగా వెళ్లిపోవచ్చనిపిస్తుంది. అలా వెళ్తే 14,300 కిలోమీటర్లు దాటుతుంది. మహావృత్తం మీద వెళ్తే సుమారు 11,000 కిలోమీటర్లే. ఆ దారి 84 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, ఉత్తర ధ్రువానికి దగ్గరగా వెళ్లి అవతలి వైపు దిగుతుంది. సీటు ముందున్న తెర మీద మన విమానం విల్లులా వంగిన దారిలో పోతున్నట్టు కనిపిస్తే, వంగింది దారి కాదు, పటం.

ఇక సూత్రం. కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో రేడియన్లలో ఉందో ముందు చూసుకోండి. 30 డిగ్రీల సైన్ కొడితే 0.5 రావాలి. రాకపోతే డిగ్రీలకు మార్చండి. తరువాత ఈ వరసలో చేయండి:

మొదటి అక్షాంశం సైన్ × రెండో అక్షాంశం సైన్. ఇది మొదటి భాగం.
మొదటి అక్షాంశం కాస్ × రెండో అక్షాంశం కాస్ × రేఖాంశాల తేడా కాస్. ఇది రెండో భాగం.
రెండూ కలిపి, ఆ మొత్తానికి విలోమ కాస్ (కాలిక్యులేటర్ మీద cos⁻¹ బటన్) తీస్తే కోణం డిగ్రీల్లో వస్తుంది.
ఆ కోణాన్ని 111.2తో గుణిస్తే కిలోమీటర్లు.

మన అంకెలు వేద్దాం. 51.47 సైన్ 0.7823, 40.64 సైన్ 0.6513. గుణిస్తే 0.5095. వాటి కాస్‌లు 0.6229, 0.7588. రేఖాంశాల తేడా 73.32 డిగ్రీలు, దాని కాస్ 0.2870. ఈ మూడింటి లబ్ధం 0.1357. మొత్తం 0.6452. విలోమ కాస్ 49.82 డిగ్రీలు. 111.2తో గుణిస్తే 5,540 కిలోమీటర్లు.

అదే 49.82ను 60తో గుణిస్తే 2,989 నాటికల్ మైళ్లు వస్తుంది. మహావృత్తం మీద డిగ్రీలో అరవయ్యో వంతు దాదాపు ఒక నాటికల్ మైలు. కచ్చితంగా చెప్పాలంటే నాటికల్ మైలు 1,852 మీటర్లు. రోడ్ల మీద వాడే మైలు 1,609 మీటర్లు. విమాన ప్రపంచంలో ‘మైలు’ అని కనబడితే ఏ మైలో తేల్చుకోకుండా ముందుకు వెళ్లకండి, ఆ ఒక్కదానివల్లే లెక్క 15 శాతం తప్పుతుంది. వేగానికి వాడే నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు.

మొదట్లో చెప్పిన 5,554 ఎక్కడిది మరి? మన సూత్రం భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధమున్న సంపూర్ణ గోళంగా తీసుకుంది. నిజానికి భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. దీన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతులున్నాయి. 1975లో విన్సెంటీ ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ ఎన్నో సాఫ్ట్‌వేర్లలో నడుస్తోంది. అలా చేస్తే 5,554 వస్తుంది. తేడా 14 కిలోమీటర్లు, పావు శాతం. గోళం లెక్కలో పొరపాటు సాధారణంగా అర శాతం దాటదు. ప్రయాణం ప్లాన్ చేసుకోవడానికి ఆ 14 కిలోమీటర్లు అంటే ఒక నిమిషం, వదిలేయవచ్చు. దూరం మీద డబ్బు ఆధారపడే చోట మాత్రం వదలకూడదు. ఉదాహరణకు యూరోపియన్ యూనియన్‌లో 2004 నాటి 261వ నంబరు నియమావళి ప్రకారం విమానం రద్దయినా బాగా ఆలస్యమైనా ఇచ్చే పరిహారానికి 1,500, 3,500 కిలోమీటర్లు హద్దులు. దూరాన్ని మహావృత్తం పద్ధతిలోనే కొలవాలని అందులోనే రాసి ఉంది. ఒకే బుకింగ్‌లో మధ్యలో ఎక్కడ ఆగి వెళ్లినా మొదటి విమానాశ్రయం నుంచి చివరి దానికి ఉన్న మహావృత్త దూరమే లెక్క అని యూరోపియన్ న్యాయస్థానం 2017లో తేల్చింది. మీ దూరం హద్దుకు కొద్ది కిలోమీటర్ల అటూ ఇటూ ఉంటే గోళం లెక్క మీద ఆగిపోకండి.

ఇంకో మాట. రెండు విమానాశ్రయాలు మరీ దగ్గరగా, పదుల కిలోమీటర్ల దూరంలో ఉంటే పై సూత్రంలో మొత్తం 0.9999 దాటిపోతుంది. నాలుగు స్థానాలకు కుదించి రాసుకుంటే జవాబు పాడవుతుంది. అలాంటప్పుడు మధ్యలో కుదించకుండా కాలిక్యులేటర్ ఇచ్చిన స్థానాలన్నీ ఉంచండి, లేదా చిన్న దూరాల్లోనూ కచ్చితంగా ఉండే హావర్‌సైన్ సూత్రం వాడండి. జవాబు సబబుగా ఉందో లేదో చూడటానికి ఒక హద్దు గుర్తుంచుకుంటే చాలు: భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యా అతి దగ్గరి దారి దాదాపు 20,000 కిలోమీటర్లకు మించదు. మించితే లెక్కలో ఎక్కడో పొరపాటు జరిగింది.

4. విమానం నిజంగా పోయే దారి

మహావృత్తం మీద అచ్చంగా అలాగే పోయే విమానం దాదాపు ఉండదు. గాలి వీచే దిక్కును బట్టి ఏ రన్‌వే మీంచి లేవాలో తేలుతుంది. పడమరకు పోవాల్సిన విమానం తూర్పుకు లేచి తిరగవచ్చు. బయటికి, లోపలికి నిర్ణీత దారులుంటాయి. రద్దీ ఉంటే దిగే ముందు గాల్లో చుట్లు కొట్టిస్తారు. ఇంధనం, ఉద్గారాలు లెక్కించేటప్పుడు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో ఈ అదనానికి ఒక సర్దుబాటు పెట్టుకుంది. మహావృత్త దూరం 550 కిలోమీటర్ల లోపైతే 50 కిలోమీటర్లు, 550 నుంచి 5,500 దాకా 100, ఆపైన 125 కలుపుతారు. చేతి లెక్కకు ఇదే చక్కగా సరిపోతుంది. మన 5,540 ఇప్పుడు 5,665 అవుతుంది.

సముద్రాల మీద కథ వేరు. ఉత్తర అట్లాంటిక్ మీద విమానాలు పోవడానికి ఆ రోజు గాలులను బట్టి దారులు నిర్ణయిస్తారు. పడమరకు పోయేవాటికి పగటి దారులు, తూర్పుకు పోయేవాటికి రాత్రి దారులు. ఈ వారం మీరు వెళ్లిన దారిలో వచ్చే వారం వెళ్తారని లేదు.

ఏ సర్దుబాటుకూ లొంగనివి మూసేసిన ఆకాశాలు. ఇందుకు హెల్సింకి–టోక్యో కంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. మహావృత్త దూరం సుమారు 7,800 కిలోమీటర్లు. రష్యా మీదుగా తొమ్మిదిన్నర గంటల్లో చేరిపోయేవారు. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరోపియన్ యూనియన్ విమానాలకు రష్యా ఆకాశం మూతబడింది. అప్పటినుంచి అవే విమానాలు ఉత్తర ధ్రువం మీదుగానో, దక్షిణంగా చుట్టి తిరిగో వెళ్తున్నాయి, ప్రయాణం దాదాపు 13 గంటలు. విమానాశ్రయాలు కదల్లేదు, దూరం మారలేదు, సమయం మాత్రం మూడు గంటలకు పైగా పెరిగింది. కాబట్టి మీ మహావృత్తం ఏ దేశాల మీదుగా పోతోందో గ్లోబు మీద ఒకసారి చూసుకోండి. యుద్ధాలున్న ప్రాంతం అడ్డొస్తే మీ లెక్కను పక్కనపెట్టి, ఆ విమానం ఇటీవల పోయిన దారిని ట్రాకింగ్ సైట్‌లో చూడటమే సరైనది.

రెండు ఇంజన్ల విమానాలకు మరో కట్టుబాటు ఉంది. ఒక ఇంజను ఆగిపోయినా నిర్ణీత నిమిషాల్లో చేరగల విమానాశ్రయం దారి పొడవునా అందుబాటులో ఉండాలి. భూమి దక్షిణ భాగంలో, ఉదాహరణకు సిడ్నీ–శాంటియాగో (చిలీ) వంటి మార్గాల్లో, అంటార్కిటికా వైపు వంగే మహావృత్తాన్ని వదిలి కొంత ఉత్తరంగా పోవడానికి ఇదీ ఒక కారణం.

5. ఏ విమానం, ఎంత వేగం

జెట్ విమానాల వేగాన్ని ధ్వని వేగంలో ఎంత వంతు అని చెబుతారు, ఆ వంతునే మాక్ అంటారు. 11 కిలోమీటర్ల ఎత్తులో ఉష్ణోగ్రత మైనస్ 56 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడ ధ్వని వేగం గంటకు సుమారు 1,062 కిలోమీటర్లు. పెద్ద విమానాలు, అంటే బోయింగ్ 777, 787, ఎయిర్‌బస్ ఏ350 వంటివి, మాక్ 0.84–0.85 దగ్గర ఎగురుతాయి. అది దాదాపు 900 కిలోమీటర్లు. ఏ320, బోయింగ్ 737 వంటివి మాక్ 0.78 దగ్గర, అంటే 830. ఏటీఆర్ 72 వంటి ప్రొపెల్లర్ విమానాలు 500 దగ్గరే ఆగుతాయి. టికెట్ బుక్ చేసేటప్పుడు విమానం రకం రాసి ఉంటుంది, చూడండి. 400 కిలోమీటర్ల దూరానికి జెట్‌కూ ఏటీఆర్‌కూ తేడా పావుగంట నుంచి ఇరవై నిమిషాలే. దూరం పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది.

ఈ వేగం పైకి చేరాక మాత్రమే. విమానం పైకెక్కడానికి ఇరవై పాతిక నిమిషాలు, దాదాపు 200 కిలోమీటర్లు పడుతుంది. దిగడానికీ సుమారు అంతే. 35,000 అడుగుల ఎత్తులో ఉంటే గమ్యానికి వంద నాటికల్ మైళ్లకు పైగా ఉండగానే దిగడం మొదలవుతుంది. ఈ రెండు దశల్లో వేగం తక్కువ. అందుకని మొత్తం దూరాన్ని పై వేగంతో భాగించి, ఒక 20 నిమిషాలు కలుపుకుంటే సరిపోతుంది. చిన్న దూరాల్లో ఈ 20 నిమిషాలే పెద్ద భాగం. 400 కిలోమీటర్ల ప్రయాణంలో విమానం పైకెక్కడం పూర్తవుతుండగానే దిగడం మొదలైపోతుంది.

6. గాలి: అసలు తేడా ఇక్కడే

పెద్ద దూరాల్లో ఎక్కువగా తప్పేది ఈ మెట్టు దగ్గరే. విమానం గాలిలో 900 వేగంతో పోతుంది, ఆ గాలి తానే కదులుతూ ఉంటుంది. వెనక నుంచి 100 వేగంతో గాలి తోస్తే నేల మీద లెక్కకు అది 1,000. ఎదురుగా వీస్తే 800. సమయం తేల్చేది ఈ గ్రౌండ్ స్పీడే.

తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, సరిగ్గా జెట్ విమానాలు ఎగిరే చోట, పడమర నుంచి తూర్పుకు బలమైన గాలుల ప్రవాహాలుంటాయి. వీటినే జెట్ స్ట్రీమ్ అంటారు. ఉత్తరార్ధగోళంలో శీతాకాలంలో ఇవి బలంగా ఉంటాయి. ఒక్కోసారి గంటకు 300 కిలోమీటర్లు దాటుతాయి. 2020 ఫిబ్రవరి 9న తుఫాను గాలులు తోడై ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా అయితే ఆ ప్రయాణానికి ఆరు గంటలకు పైనే పడుతుంది.

తూర్పుకు పోతే త్వరగా చేరడానికి భూభ్రమణం కారణమని చాలామంది నమ్ముతారు. అది నిజమైతే, భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి పడమరకు పోయే విమానమే ముందు చేరాలి. నిజానికి వాతావరణం కూడా భూమితోపాటే తిరుగుతుంది. తిరిగే భూమి ఇచ్చే నేరు లాభం ఎటువైపూ లేదు. జెట్ స్ట్రీమ్ ఏర్పడటంలో మాత్రం భ్రమణానికి పాత్ర ఉంది.

గాలి పోయేటప్పుడు తీసుకున్నది వచ్చేటప్పుడు తిరిగిచ్చేస్తుందన్నది కూడా నిజం కాదు. 5,540 కిలోమీటర్లు, 900 వేగం, 100 గాలి తీసుకుంటే ఎదురుగాలిలో 6 గంటల 55 నిమిషాలు, వెనక గాలిలో 5 గంటల 32 నిమిషాలు. మొత్తం 12 గంటల 27 నిమిషాలు. గాలి లేకపోతే 12 గంటల 19 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు గడుపుతాం కాబట్టి నష్టమే కాస్త ఎక్కువ.

సగటు గాలి ఎంత వేసుకోవాలి? మధ్య అక్షాంశాల్లో తూర్పు–పడమర మార్గాలకు ఏడాది మొత్తం మీద 70 నుంచి 100 కిలోమీటర్లు వేసుకుంటే లెక్క నమ్మదగ్గట్టు వస్తుంది, శీతాకాలంలో ఇంకాస్త పెంచాలి. ఉత్తర–దక్షిణ మార్గాల్లోనూ భూమధ్యరేఖకు దగ్గరగానూ ఈ తేడా చాలావరకు ఉండదు.

ఇప్పుడు మన ఉదాహరణకు 80 గాలి వేద్దాం. లండన్ నుంచి న్యూయార్క్‌కు 5,665ను 820తో భాగిస్తే 6 గంటల 55 నిమిషాలు. 20 నిమిషాలు కలిపితే 7 గంటల 15 నిమిషాలు గాల్లో. తిరుగు ప్రయాణానికి 5,665ను 980తో భాగిస్తే 5 గంటల 47 నిమిషాలు, కలిపాక 6 గంటల 7 నిమిషాలు.

7. గేటు నుంచి గేటు దాకా

టికెట్ మీద ఉండేది గాల్లో ఉండే సమయం కాదు. విమానం గేటు దగ్గర కదిలినప్పటినుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా ఉన్న సమయం. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. గేటు నుంచి విమానాన్ని వెనక్కి నెట్టే పుష్‌బ్యాక్, రన్‌వే దాకా టాక్సీ (విమానం నేల మీద నడవడం), అక్కడ వరసలో ఎదురుచూపు, దిగాక మళ్లీ టాక్సీ. మామూలు విమానాశ్రయాల్లో రెండు వైపులా కలిపి పాతిక ముప్పై నిమిషాలు, కిక్కిరిసిన చోట్ల ఇంకా ఎక్కువ. 30 నిమిషాలు వేసుకుంటే మన అంకెలు పోయేటప్పుడు 7 గంటల 45, వచ్చేటప్పుడు 6 గంటల 37 అవుతాయి.

ఎయిర్‌లైన్లు దీనిపైన కాస్త మార్జిన్ కూడా కలుపుతాయి. అమెరికా రవాణా శాఖ లెక్కలో 15 నిమిషాలో అంతకు మించో ఆలస్యమైతేనే విమానం ఆలస్యమైనట్టు. సమయపాలనలో మంచి పేరు రావాలంటే షెడ్యూల్‌లో చోటు ఉంచుకోవాలి కదా. టేకాఫ్ ఇరవై నిమిషాలు ఆలస్యమైనా విమానం సమయానికే చేరడం మీరు చూసే ఉంటారు, ఈ మార్జినే దానికి కారణం. షెడ్యూళ్లు ఏడాదికి రెండుసార్లు, మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మారతాయి. అదే మార్గానికి శీతాకాలం బ్లాక్ టైమ్ వేరు, వేసవి బ్లాక్ టైమ్ వేరు. గతేడాది జులై టికెట్ చూసి జనవరి ప్రయాణాన్ని అంచనా వేయకండి.

8. గడియారాల చిక్కు

టికెట్ మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరిది, చేరే సమయం చేరే ఊరిది. నేరుగా తీసివేస్తే తప్పు జవాబు వస్తుంది. రెండింటినీ ముందు ప్రపంచమంతటికీ ఒకే ప్రామాణిక సమయమైన యూటీసీకి మార్చి, ఆ తరువాతే తీసివేయాలి.

శీతాకాలంలో లండన్ గడియారం యూటీసీతో సమానం, న్యూయార్క్ ఐదు గంటలు వెనుక. లండన్‌లో 11:00కు బయలుదేరి న్యూయార్క్‌లో 14:00కు చేరితే మూడు గంటలనిపిస్తుంది. 14:00కు ఐదు కలిపితే యూటీసీలో 19:00, కాబట్టి ప్రయాణం 8 గంటలు. న్యూయార్క్‌లో 19:00కు బయలుదేరి మర్నాడు 07:00కు లండన్ చేరితే పన్నెండు గంటలనిపిస్తుంది, నిజానికి ఏడే.

తేదీ రేఖ దాటితే ఇంకా వింతగా ఉంటుంది. శీతాకాలంలో టోక్యోలో సాయంత్రం 17:00కు బయలుదేరి లాస్ ఏంజెలెస్‌లో అదే రోజు ఉదయం 10:00కు దిగవచ్చు. టోక్యో యూటీసీకి 9 గంటలు ముందు, కాబట్టి బయలుదేరింది 08:00కు. లాస్ ఏంజెలెస్ 8 గంటలు వెనుక, కాబట్టి చేరింది 18:00కు. పది గంటల ప్రయాణం. తిరుగు టికెట్ మీద ప్లస్ 1 అని ఉంటే చేరేది మర్నాడని అర్థం. ఆ చిన్న అంకెను చూడకుండా హోటల్ గది బుక్ చేయకండి.

గంటల తేడా ఎప్పుడూ పూర్ణాంకమే అనుకోవద్దు. భారతదేశం యూటీసీకి ఐదున్నర గంటలు ముందు, నేపాల్ ఐదుముప్పావు. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే డేలైట్ సేవింగ్ పాటించే దేశాలన్నీ ఒకే రోజు గడియారాలు మార్చవు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం. ఆ మధ్య వారాల్లో లండన్–న్యూయార్క్ తేడా ఐదు కాదు, నాలుగు గంటలు. అక్టోబరు చివర్లోనూ ఒక వారం పాటు అంతే. కనెక్టింగ్ ఫ్లైట్లు, ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు, అన్నీ ఆ రోజుల్లోనే తికమకపడతాయి. ఆ వారాల్లో ప్రయాణమైతే ఆ తేదీకి ఆ ఊళ్లో సమయం ఎంతో విడిగా సరిచూసుకోండి.

9. మధ్యలో ఆగి వెళ్తే

ఎక్కడ ఆగుతున్నామన్నది దూరాన్ని ఎంత పెంచుతుందో ఇప్పుడు మీరే చూసుకోగలరు. లండన్ నుంచి సిడ్నీకి మహావృత్త దూరం సుమారు 17,000 కిలోమీటర్లు. సింగపూర్ మీదుగా వెళ్తే 10,900, ఆపైన 6,300, మొత్తం 17,200. ఒక్క శాతం పెరుగుదల. సింగపూర్ దాదాపు దారిలోనే ఉందన్నమాట. లాస్ ఏంజెలెస్ మీదుగా వెళ్తే 8,800, 12,050, మొత్తం 20,850. దాదాపు 3,850 కిలోమీటర్లు అదనం, అంటే గాల్లో నాలుగు గంటలకు పైగా. చౌక టికెట్ల మధ్య ఎంచుకునేటప్పుడు ఈ ఒక్క కూడిక చేస్తే చాలా సంగతులు తేలిపోతాయి.

మొత్తం ప్రయాణ సమయానికి ప్రతి ముక్కనూ విడిగా కూడాల్సిన పని లేదు. మొదటి బయలుదేరే సమయాన్ని, చివరి చేరే సమయాన్ని యూటీసీకి మార్చి తీసివేయండి. మధ్యలో ఆగే సమయం, అంటే లేఓవర్‌తో సహా మొత్తం వచ్చేస్తుంది.

లేఓవర్ చాలినంత ఉందా అన్నది వేరే ప్రశ్న. ప్రతి విమానాశ్రయానికీ కనీస కనెక్షన్ సమయం అని ఒకటి ఉంటుంది. ఒకే టికెట్ మీద బుక్ చేస్తే అంతకంటే తక్కువ వ్యవధి ఉన్న కనెక్షన్‌ను సాధారణంగా అమ్మరు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే మరో దాంట్లో పంపే బాధ్యత కూడా వాళ్లదే. విడివిడిగా రెండు టికెట్లు కొన్నవారికి ఈ రక్షణ లేదు, లగేజీ తీసుకుని మళ్లీ చెక్ ఇన్ చేయాలి. అలాంటప్పుడు మూడు గంటలకు తగ్గకుండా ఉంచుకోమంటాను, అది రోజులో చివరి విమానమైతే ఇంకా ఎక్కువ. ఇంకో సంగతి: అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, అక్కడినుంచి వేరే దేశానికి పోతున్నా సాధారణంగా అంతే. షెంగెన్ దేశాల్లో (తమ మధ్య సాధారణంగా సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల్లో) ముందుకు వెళ్లాలంటే, మొదట దిగిన షెంగెన్ విమానాశ్రయంలోనే పాస్‌పోర్ట్ తనిఖీ ఉంటుంది. ఈ క్యూలు దూరం లెక్కలో ఎక్కడా కనిపించవు. విమానం చేరిన సమయం అంటే గేటు దగ్గర ఆగిన సమయం, మీరు బయట పడిన సమయం కాదు. అవతలి విమానం గేటు కూడా బయలుదేరే వేళకు చాలా నిమిషాల ముందే మూస్తారు. గంట లేఓవర్‌లో నికరంగా చేతిలో ఉండేది అరగంటే అనుకోండి.

10. వచ్చిన అంకెను నిజంతో సరిపోల్చండి

చివరగా, మీ విమానం నంబరు తీసుకుని ఏదైనా ఫ్లైట్ ట్రాకింగ్ సైట్‌లో గత కొన్ని రోజుల వివరాలు చూడండి. గేటు వదిలిన సమయం, టేకాఫ్, ల్యాండింగ్, గేటు చేరిన సమయం విడివిడిగా ఉంటాయి. టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా ఉన్నదాన్ని ఆరో మెట్టులో వచ్చిన అంకెతో, గేటు నుంచి గేటు దాకా ఉన్నదాన్ని ఏడో మెట్టు అంకెతో పోల్చండి. పావుగంట తేడా మామూలే. అరగంట దాటితే గాలైనా అనుకున్నదానికంటే బలంగా ఉండాలి, దారైనా చుట్టుగా ఉండాలి. ట్రాకింగ్ పటంలో గీత చూస్తే ఏదో తెలిసిపోతుంది.

ఆ జాబితాలో సగటు చూసి ఆగిపోకండి. కనెక్షన్ ఉన్నవాళ్లకు సగటుతో పనిలేదు. అన్నిటికంటే ఆలస్యంగా చేరిన రెండు మూడు రోజులు చూసి, ఆ రోజుల్లో వెళ్లి ఉంటే మీ రెండో విమానం అందేదా అని లెక్క వేసుకోండి. అందదనిపిస్తే, టికెట్ మార్చుకునే వీలున్నప్పుడే తరువాతి విమానానికి మార్చుకోండి.